ఏ దేశమూ తనవాళ్లనని మనుషులు

హైదరాబాద్ శివార్లలో బాలాపూర్ వైపు వెళ్తే, ఖాళీ జాగాల్లో వెదురు కర్రలు పాతి టార్పాలిన్లు కప్పిన గుడిసెలు కనిపిస్తాయి. గుమ్మాల ముందు అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సీసాలు, ఇనుప ముక్కలు దేనికది కుప్పలు పోసి ఉంటాయి. ఆ తుక్కు ఏరి అమ్ముకుని పూట గడుపుకొనేవాళ్లు రోహింగ్యాలు. మయన్మార్‌లోని రఖైన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు.

ఊరొదిలి పరాయి దేశం పోయినవాళ్లందరినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. అది సరికాదు. దుబాయ్‌లో కష్టాల్లో పడ్డ కరీంనగర్ కూలీ, యజమాని పాస్‌పోర్టు గుంజుకున్నా మన ఎంబసీ తలుపు తట్టగలడు. రోహింగ్యాకు తట్టడానికి తలుపే లేదు. మయన్మార్ గుర్తించిన 135 జాతుల్లో వాళ్ల పేరు లేదు. 1982 నాటి పౌరసత్వ చట్టం తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లను పరాయివాళ్లను చేసింది. 2017 ఆగస్టు 25న ఓ సాయుధ ముఠా పోలీసు ఠాణాలపై దాడి చేసింది. ఆ సాకుతో సైన్యం రోహింగ్యాల ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. కొద్ది నెలల్లోనే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ చేరారు. నాఫ్ నది దాటుతూ పడవలు మునిగి పిల్లలతో సహా ఎందరో చనిపోయారు.

దాటినవాళ్లకైనా తెరిపి దొరికిందా? బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ గుట్టల మీది శిబిరాల్లో వానాకాలం కొండచరియలు విరిగిపడతాయి, ఎండాకాలం నిప్పంటుకుంటే వేల గుడిసెలు బూడిదవుతాయి. బయటికెళ్లి పని చేసుకునే హక్కు లేదు. 2023లో విరాళాలు తగ్గి, మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార సాయం 8 డాలర్లకు పడిపోయింది. అలాంటప్పుడే దళారులు మలేషియా ఆశ చూపి పడవలెక్కిస్తారు. 2015లో అలా వెళ్లిన పడవలను దేశాలు ఒడ్డుకు రానివ్వక సముద్రంలోకే తరిమాయి. చివరికి ఆదుకున్నది ఇండోనేషియాలోని ఆచే జాలరులు. తిండికీ, జాలికీ ఏ కాగితమూ అక్కర్లేదని చూపింది వాళ్లే.

ఇక మన దగ్గరికి వచ్చినవాళ్ల సంగతి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థులకంటూ చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు చూపితే ఆధార్ రాదు. ఆధార్ లేనిదే మన దగ్గర ఏ పనీ కదలదని చదువరులకు చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరులో ఏడుగురు రోహింగ్యాలను మయన్మార్‌కు తిప్పి పంపారు. జమ్ములో నిర్బంధంలో ఉన్నవారిని పంపకుండా ఆపడానికి 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిరాకరించింది. నిర్దేశించిన విధానం పాటించకుండా మాత్రం పంపరాదంది.

దేశ భద్రత మాటేమిటని అడగడం తప్పు కాదు. అందుకే చట్టం కావాలి. ఎవరు ప్రాణభయంతో వచ్చారో, ఎవరు కాదో మనిషి మనిషినీ విచారించి తేల్చే పద్ధతి ఉంటే భద్రతా దక్కుతుంది, అమాయకులూ బతుకుతారు. అలాంటి చట్టం కోసం 2022లో ఎంపీ శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఆ పని ప్రభుత్వమే చేపట్టాలి. మన ఎంపీలను ఆ మాట అడగాల్సింది మనమే.