గండిలోని బంగారు తోరణము

మన యలహంకకు ఉత్తరమున నందికొండలు కలవు. విహారయాత్ర యనగానే మన బాలబాలికలు కోరునది ఆ కొండలనే. అయితే ఆ ప్రాంతమున పుట్టిన పెన్న, పాపఘ్ని అను రెండు నదులు తెలుగునేలకు పోయి, చెరియొక కొండవరుసను చీల్చి, చెరియొక గండిని ఏర్పరచి, తుదకు కడప జిల్లాలో కమలాపురము దాపున కలిసికొనుచున్నవని ఎఱిగినవారు మనలో తక్కువ. ఆ రెండు గండ్లకును వింత కథలు కలవు.

మొదటిది గండికోట. ఎఱ్ఱమల కొండలను పెన్న నిలువునా కోసినచోట, ఎఱ్ఱరాతి గోడల నడుమ, సుమారు 300 అడుగుల లోతున నీరు పాఱును. గట్టున పెమ్మసాని నాయకులేలిన కోట. అందు కత్తుల కోనేరు కలదు. యుద్ధము ముగిసిన పిదప వీరులు నెత్తుటి కత్తులను కడుగగా ఆ నీరు ఎఱ్ఱబాఱెనని చెప్పుదురు. ఇనుము కలిసిన ఎఱ్ఱరాయియు, ఎఱ్ఱమన్నును చుట్టునున్నచోట నీటికి రంగు కలుగుటకు నెత్తురే పనిలేదు. కాని 17వ శతాబ్దమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోటను గైకొన్నప్పుడు పాఱిన నెత్తురు మాత్రము కల్ల కాదు.

రెండవది వేంపల్లె సమీపమున పాపఘ్నిపై గల గండి. అచట ఆంజనేయస్వామి ఆలయము కలదు. లంకనుండి మరలివచ్చు శ్రీరామునికి స్వాగతముగా వాయుదేవుడు ఈ కొండనుండి ఆ కొండకు బంగారు తోరణము కట్టెనట. రాముడు బాణపు మొనతో రాతిపై హనుమంతుని రూపము గీసి, చిటికెనవ్రేలు మాత్రము విడిచెనట. ఆ తోరణము నేటికిని అచటనే యున్నదనియు, పుణ్యాత్ములకు, అదియు అంత్యకాలము సమీపించినప్పుడే, కనబడుననియు జనుల నమ్మిక.

సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరు. 1820లో మదరాసు గవర్నరయ్యెను. స్వదేశమునకు పోవుటకు ముందు ఆ సీమవారిని చూచిపోవలెనని 1827లో మరల వచ్చెను. గండిలో పోవుచు తలయెత్తి, “ఈ తోరణము ఎవరు కట్టిరి?” అని అడిగెనట. వెంటనున్నవారికి ఏమియు కానరాలేదు. ఒక ముసలివాడు మాత్రము విని కన్నీరు పెట్టుకొనెనందురు. ఆ యేడు జూలై 6వ తేదీన మన్రో పత్తికొండలో కలరాతో మరణించెను.

మంత్రాలయమున రాఘవేంద్రస్వామి మన్రోకు మాత్రమే కనబడి మాటలాడెనను కథ మన బెంగుళూరివారందఱు ఎఱిగినదే. రెండు కథలయందును పరదేశపు దొర చూచినది ప్రక్కనున్న మనవారికి కనబడకపోవుట గమనింపదగినది. పన్ను తగ్గింపవలెనని పైవారితో వాదించినవానిని, తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొన్నవారు, ఈ విధముగా తమలో కలుపుకొనిరని మా యభిప్రాయము. చావునకు ముందు బంగారము కనబడుటయు క్రొత్త యూహ కాదు. వాల్మీకి అరణ్యకాండలో సీత రావణునితో, నీకు చెట్లు బంగారువిగా కనబడుచున్నవి కాబోలునని, వాని మృత్యువును సూచించినది.

ఈ కథను తరగతిలో చెప్పిననాడు ఏడవ తరగతి బాలుడొకడు ఇంటికి పోయి, వేసవిలో తాతగారి యూరికి రానని పట్టుపట్టెను. వారి యూరికి గండి మీదుగానే పోవలెను. తండ్రి మా యొద్దకు వచ్చి నొచ్చుకొనెను. తప్పు మాదే. తోరణమును చెప్పి, కలరాను చెప్పక విడిచితిమి. మఱునాడు ఆ బాలుని పిలిచి, ఆ యేడు ఆ సీమలో కలరా వ్యాపించియుండెననియు, అది చెడిన నీటివలన వచ్చుననియు, ఆ సంగతి నాడు వైద్యులకు సైతము తెలియదనియు చెప్పితిమి. వాడు కొంత సేపాలోచించి, “అయితే తలయెత్తి చూడవచ్చునా, మాస్టారూ?” అని అడిగెను. చూడుమంటిమి. వేసవి సెలవుల పిదప వచ్చి, కొండలు మాత్రమే కనబడినవని, కొంచెము చిన్నబోయిన ముఖముతో చెప్పెను.