స్వజనులకు వ్యతిరేకంగానైనా సాక్ష్యం



 

గత సెప్టెంబరులో ఒక జుమా నమాజు ముగిశాక అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకొని గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న ఒక యువకుడు నన్ను ఆపి, "హజ్రత్! సెప్టెంబరు 17ను మనం ఏమని పిలవాలి?" అని అడిగాడు. అతని సందేహం సహేతుకమే. ఆ దినాన్ని ఒకరు విమోచనమన్నారు, ఒకరు విలీనమన్నారు, మరొకరు విద్రోహమన్నారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపితే, అదే రోజున కేంద్రం విమోచన దినంగా జరిపింది. 2024లో రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం ప్రజాపాలనా దినోత్సవమన్నది. అయితే ఆ యువకుని అసలు ప్రశ్న పేరును గురించి కాదు. తోటి విద్యార్థి ఒకడు చర్చలో, "ఆనాడు మీవాళ్ళు ఎటువైపు?" అన్నాడట. ఆ మాట అతని మనసులో ముల్లై నిలిచింది.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరం పోనవసరం లేదు. నారాయణగూడ నుండి బర్కత్‌పురా మీదుగా కాచిగూడ వైపు నడిస్తే లింగంపల్లి చౌరస్తా వస్తుంది. (ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు ఆగే లింగంపల్లి వేరు.) 1948 ఆగస్టు 21 రాత్రి ఆ ప్రాంతంలో, పత్రికా కార్యాలయం నుండి ఇంటికి వెళుతున్న ఒక యువ సంపాదకునిపై రజాకార్లు దాడి చేశారు. ఆయన చేతిని నరికివేశారు. ఆయన పేరు షోయబుల్లా ఖాన్. ముప్పై ఏళ్ళైనా నిండలేదు. ఆయన నడిపిన ఉర్దూ దినపత్రిక పేరు ఇమ్రోజ్. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరాలనీ, రజాకార్ల దౌర్జన్యాన్ని అరికట్టాలనీ వ్రాయడమే ఆయన చేసిన నేరం. ఆ నెలలోనే అదే కోరుతూ బాఖర్ అలీ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు ప్రకటన చేయగా, ఆయన దానిని తన పత్రికలో ప్రచురించారు.

అంతకు ముందు ఆయన పనిచేసిన రయ్యత్ కూడా ఉర్దూ పత్రికే. దాని సంపాదకులు మందుముల నరసింగరావు గారు. ఇమ్రోజ్‌కు అండగా నిలిచినవారు బూర్గుల రామకృష్ణారావు గారు. హిందువు ఉర్దూలో పత్రిక నడిపాడు, ముస్లిం అందులో కలం పట్టాడు. భాషకు మతాన్ని అంటగట్టే నేటివారికి ఇది వింతగా తోచవచ్చు గాని, ఆనాటి ఈ నగరానికి అది వింత కాదు.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులపై ఒక బరువైన బాధ్యతను మోపింది. సాక్ష్యం మనకు వ్యతిరేకంగా వెళ్ళినా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా వెళ్ళినా న్యాయంపై స్థిరంగా నిలబడాలన్నదే ఆ ఆదేశం. పరుల తప్పును చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు. తనవారి తప్పును, తనవారి నడుమ నిలబడి చెప్పడమే కష్టం. షోయబుల్లా ఖాన్ చేసినది ఈ రెండవ పని.

ఇక సంభాషణ మాట. 1947 అక్టోబరులో యథాతథ ఒప్పందం ముసాయిదా సిద్ధమయింది. నిజాం కార్యనిర్వాహక మండలిలో అధిక సంఖ్యాకులు దానికి సమ్మతించారు. ఛతారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీకి బయలుదేరవలసిన అక్టోబరు 27 తెల్లవారుజామున ఇత్తెహాద్ అనుచరుల గుంపు వారి ఇళ్ళను చుట్టుముట్టింది. ప్రయాణం ఆగిపోయింది, ఛతారీ నవాబు పదవి వదులుకున్నారు. కొత్త ప్రతినిధి బృందం వెళ్ళి నవంబరు 29న ముగించిన ఒప్పందం మాత్రం దాదాపు ఆ పాత ముసాయిదాయే! గుంపు సాధించినది ఒప్పందంలో మార్పు కాదు. రాజీ కోరేవారి నోళ్ళు మూయించడం మాత్రమే.

దీని పక్కన హిజ్రీ 6వ సంవత్సరపు హుదైబియాను ఉంచి చూడండి. దైవప్రవక్త (స) సుమారు పద్నాలుగు వందల మంది సహచరులతో ఉమ్రాకు బయలుదేరారు. మక్కావారి ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్ ఒప్పంద పత్రంలో 'అల్లాహ్ ప్రవక్త' అనే మాటనే అంగీకరించలేదు. దానిని చెరపడానికి హజ్రత్ అలీ (రజి)కి చేతులు రాలేదు. దైవప్రవక్త (స) ఆ మాట ఎక్కడున్నదో చూపించమని అడిగి స్వయంగా చెరిపివేశారు. ఆ ఏడు ఉమ్రా చేయకుండానే తిరిగిపోవాలన్న షరతునూ అంగీకరించారు. హజ్రత్ ఉమర్ (రజి) వంటివారే తట్టుకోలేక ప్రశ్నించారు. ఖుర్బానీ ఇచ్చి లేవమని చెప్పినా ఎవరూ కదలలేదు. అప్పుడు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా ప్రకారం ఎవరితోనూ మాట్లాడక తానే ముందుగా జంతువును బలి ఇచ్చి, తల గొరిగించుకున్నారు. అది చూసి అందరూ లేచారు. అక్కడ ఉద్రేకం లేకపోలేదు. అయితే నాయకుడు ఆ ఉద్రేకాన్ని రాజేయలేదు, దానికి లొంగనూ లేదు.

ఇదంతా చెప్పి ఇక్కడే ఆపితే నేనూ సగం సాక్ష్యమే ఇచ్చినవాడనవుతాను. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనిక చర్య 17న ముగిసింది. రజాకార్ల దుష్కృత్యాలకు మూల్యం ఎవరు చెల్లించారు? ఖాసిం రజ్వీ జైలు శిక్ష అనుభవించి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల పల్లెల్లో అతని ముఖమైనా చూడని పేద ముస్లింలు వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఆ ఏడాది చివర గ్రామగ్రామం తిరిగి విచారించారు. తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల మంది మరణించారని వారి నివేదిక అంచనా వేసింది. రజాకార్లు అంతకుముందు చేసిన అత్యాచారాలనూ అది దాచలేదు. అది దశాబ్దాల పాటు ప్రజలకు అందలేదు. 2013 నాటికి గాని చదివే వీలు కలుగలేదు. సుందర్‌లాల్ గారు హిందువు. తన జనులలో కొందరు చేసిన ఘోరాన్ని ఆయన వ్రాశారు. షోయబుల్లా చేసిన పనికి, ఆయన చేసిన పనికి నా దృష్టిలో భేదం లేదు.

కనుక ఆ యువకునితో ఇట్లా చెప్పాను: "బాబూ! 'మీవాళ్ళు ఎటువైపు' అని అడిగితే, మావాళ్ళు రెండు వైపులా ఉన్నారని చెప్పు. చంపినవారిలో ఉన్నారు, చంపబడినవారిలోనూ ఉన్నారు. ఉన్నవాడు ఉన్నట్టే చెప్పు, సిగ్గుపడవలసినచోట సిగ్గుపడు. ఆ పైన సుందర్‌లాల్ నివేదికను గురించి నీ మిత్రుణ్ణి నీవు అడుగు." అతడు కాసేపు ఆలోచించి, పరీక్షలో మాత్రం ఏ పేరు వ్రాయాలని మళ్ళీ అడిగాడు. ప్రశ్నపత్రంలో ఏ పేరుంటే ఆ పేరే వ్రాయమన్నాను. ఇద్దరం నవ్వుకున్నాము. అతడు గ్రంథాలయంలో చోటు దొరకదేమోనన్న తొందరలో చిక్కడపల్లి వైపు వెళ్ళిపోయాడు.