మడికొండ చుట్టుపక్కల నీళ్లలో ఫొటోలకు ఏ కెమెరా?

ముందు నీళ్ల సంగతి చూడండి, కెమెరా తర్వాత. మడికొండకు దగ్గర్లో ధర్మసాగర్ చెరువు ఉంది, పొలాల్లో బావులున్నాయి, మెట్టుగుట్ట మీద గుండాలున్నాయి. (గుండాలు దేవుడివి, అడగకుండా కెమెరా ముంచొద్దు.) వానాకాలం కొత్తనీళ్లలో మన చెయ్యే మనకు కనపడదు. చలికాలానికి తేరినా నీళ్లు పచ్చగానే ఉంటాయి.

జూమ్ లెన్స్ పనికొస్తుందా?

రాదు. చేపకూ లెన్సుకూ మధ్య ఎంత నీరుంటే అంత నలక. మూరెడు దూరం దాటితే కొరమీనైనా మసక నీడే. దగ్గరికి పోవాలి, పోయాక చేప మొత్తం పట్టాలి, అందుకు వైడ్ లెన్స్ కావాలి. పైగా చదును గాజు వెనక నుంచి చూస్తే నీళ్లలో వస్తువు అసలు దూరంలో ముప్పావు వంతులోనే ఉన్నట్టు కనపడుతుంది. ఆ మేరకు లెన్స్ చూపు ఇరుకవుతుంది. గిన్నె బోర్లించినట్టుండే డోమ్ పోర్ట్ ఆ ఇరుకును తీరుస్తుంది.

ఫ్లాష్ ఎందుకు చెడగొడుతుంది?

లెన్స్ పక్కనే వెలిగే ఫ్లాష్ ముందున్న నలకలనన్నిటినీ మెరిపిస్తుంది. ఫొటో నిండా తెల్లచుక్కలే. అందుకే లైటును కడ్డీకి బిగించి పక్కకు జరుపుతారు. నీళ్లు ఎరుపును ముందే మింగేస్తాయి కాబట్టి ఎర్ర ఫిల్టర్ కొనమంటారు. అది నీలి సముద్రానికి. మన పచ్చనీళ్లకు మెజెంటా ఫిల్టర్ నప్పుతుంది. చిన్న వీడియో టార్చి దగ్గరుంటే అదీ అక్కర్లేదు.

ఫోన్ చాలదా?

నీళ్లు తట్టుకుంటుందని ఫోన్ల మీద ఐపీ68 అని రాస్తారు, కానీ అది కొత్త ఫోన్‌ను మంచినీళ్లలో కదలకుండా ఉంచి చేసిన పరీక్ష మాట. నీళ్లలో టచ్ సరిగా పనిచేయదు, నీళ్లు దిగితే వారంటీ సాధారణంగా వర్తించదు. గోప్రో హీరో 12 యాక్షన్ కెమెరా నీళ్లు చొరని కేసు లేకుండానే 10 మీటర్ల లోతు తట్టుకుంటుంది, ఒలింపస్ టీజీ-6 అయితే 15 మీటర్లు. బావికి ఇంతకన్నా ఏం కావాలి?

కేసులోపల ఆవిరి ఎందుకు పడుతుంది?

వేసవి ఉక్కలో మూసిన కేసులో తేమగాలి ఉంటుంది. చల్లటి బావినీళ్లు తగలగానే ఆ తేమ గాజుకు పట్టేస్తుంది. పొడిగా ఉన్న గదిలో మూసి, లోపల సిలికా జెల్ పొట్లం పెట్టండి. కేసు మూతకుండే రబ్బరు ఓ-రింగుపై వెంట్రుక ఉన్నా నీళ్లు దూరతాయి. వేలితో తడిమి చూసి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మొదటిసారి కెమెరా లేకుండా, టిష్యూ కాగితం పెట్టి బకెట్లో ముంచండి. కాగితం తడవకపోతేనే కెమెరా పెట్టండి.

నీళ్లలోకి దిగాల్సిందేనా?

అక్కర్లేదు. 1856లో ఇంగ్లండ్‌లోని వేమౌత్ దగ్గర విలియం థాంప్సన్ అనే ఆయన పడవలోనే ఉండి, పెట్టెలో పెట్టిన కెమెరాను సముద్రంలోకి దించాడు. పెట్టెలోకి నీళ్లు దూరినా బొమ్మ పడింది. మీరూ పొడవాటి కర్రకు యాక్షన్ కెమెరా, పక్కగా టార్చి కట్టి గట్టు మీది నుంచే దించండి, వీడియోలోంచి ఫ్రేములు ఏరుకోండి. పెద్ద కెమెరాకు హౌసింగ్ (నీళ్లు చొరని పెట్టె), స్ట్రోబుల (నీళ్లలో వాడే ఫ్లాష్‌ల) ఖర్చు ఇప్పుడే వద్దు. విశాఖ రుషికొండకో అండమాన్‌కో డైవింగ్‌కు వెళ్లినప్పుడు అక్కడ అద్దెకు దొరుకుతాయేమో అడిగి, వాడి చూశాకే కొనండి.