స్వరమే అర్థమైన భాష

పుదుచ్చేరి పట్టణమున తమిళము, ఫ్రెంచి భాషలతోపాటు వియత్నాం భాషతో పరిచయముగల కుటుంబములును కొన్ని కలవు. ఫ్రెంచివారు 1859 లో సైగాన్ పట్టణమును ఆక్రమించిన పిమ్మట పుదుచ్చేరివారు పలువురు ఉద్యోగులుగను, సైనికులుగను అచటికి పోయిరి. కొందరు అచటి స్త్రీలను వివాహమాడి తరువాతి కాలమున తిరిగివచ్చిరి. ఆ తల్లులతో వచ్చిన భాషలో కంఠస్వరముయొక్క ఎత్తుపల్లములు పదార్థమునే నిర్ణయించును.

తెలుగున “వచ్చినాడు” అను మాటను ప్రశ్నగా పలికినను, ఆశ్చర్యముతో పలికినను వచ్చుట అను అర్థము మారదు. పడు, పాడు అనుచోట అచ్చు నిడివియు, కల, కల్ల అనుచోట ద్విత్వమును మనకు అర్థభేదమును కలిగించును. వియత్నాం భాషలో ప్రతి అక్షరమునందును స్వరమున కట్టి శక్తి కలదు.

“మా” అను ధ్వనిని తీసికొందము. సమస్వరమున పలికిన దయ్యము. పైకి లేపిన తల్లి. క్రిందికి దించిన “కాని” అను అవ్యయము. దించి మరల లేపిన సమాధి. నడుమ కంఠము బిగించి లేపిన గుఱ్ఱము. అడుగున నొక్కి ఆపిన వరినారు. హనోయి పలుకుబడిలో ఈ ఆరు స్వరములును వేఱు. సైగాన్ పలుకుబడిలో నాల్గవది, అయిదవది కలిసిపోయి అయిదే మిగులును.

స్వరభేదమున అర్థము మారుట మనవారెరుగనిది కాదు. “ఇంద్రశత్రు” అను సమాసమున ఉదాత్తము తుదనున్న ఇంద్రుని చంపువాడనియు, మొదటి పదమున నున్న ఇంద్రునిచే చంపబడువాడనియు అర్థము. త్వష్ట స్వరము తప్పుటవలన వృత్రుడే హతుడయ్యెనని కథ. అయితే వేదమున పదమునకు సాధారణముగా ఒకటే ఉదాత్తము; ఇచట ప్రతి అక్షరమునకును తన స్వరము కలదు.

ఛందస్సును దీనినే ఆశ్రయించినది. ఆరు, ఎనిమిది అక్షరముల పాదములతో నడచు వారి దేశి పద్యమున రెండవ, ఆరవ అక్షరములు సమవర్గపు స్వరములను, నాల్గవది విషమవర్గపు స్వరమును కోరును. మన గురులఘువులు చేయు పనిని అచట స్వరములు చేయును.

పదునేడవ శతాబ్దిలో క్రైస్తవ మతబోధకులు ఈ స్వరములకై రోమను లిపిపై గుర్తులు కల్పించిరి. 1651 లో రోమునగరమున అచ్చయిన అలెక్సాందర్ ద రోడ్ నిఘంటువున అవి కానవచ్చును. సమస్వరమునకు గుర్తు లేదు. తక్కిన అయిదింటికి అయిదు గుర్తులు.

ఆ భాషనుండి పేళ్లను, పద్యములను తెలుగునకు తెచ్చునపుడు ఈ గుర్తులు రాలిపోవును. అపుడు తల్లికిని దయ్యమునకును వ్రాతలో భేదముండదు. వేదమును తెలుగు లిపిలో ముద్రించునపుడు అక్షరము క్రింద అడ్డగీతను, పైన నిలువుగీతను ఉంచుట మనకు అలవాటే. అనువాదమున అడుగడుగున అట్టి గుర్తులు అక్కఱలేదు. శ్లేషయందును, పద్యమునందును, అర్థము స్వరముపై నిలిచిన ప్రతిచోటను తొలి ప్రయోగముననే ఆ స్వరమును చదువరికి తెలుపుట అనువాదకుని విధి.