గాయపడిన భుజము – జట్టు బలగము

అమలాపురము వాడైన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరు క్రీడావార్తలలో వచ్చినపుడెల్లా, ఆ వెనుకనే తరచు మరొక మాట కూడ వచ్చుచున్నది. ఆ మాట భుజము. 2019 ఆగస్టు 4వ తేదీన అతడును, ముంబయి యువకుడు చిరాగ్ శెట్టియు కలసి థాయిలాండ్ ఓపెన్ గెలిచినారు. సూపర్ 500 స్థాయి పోటీని మన దేశపు పురుషుల జంట గెలుచుట అదే మొదలు. ఆ సంతోషము తీరకముందే, అదే నెలలో స్విట్జర్లండులోని బాసెల్ నగరమున జరిగిన ప్రపంచ పోటీల నుండి ఆ జంట తప్పుకొనవలసి వచ్చినది. కారణము సాత్విక్ భుజము. 2024 ఏప్రిల్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ పోటీలు వచ్చినవి. మరల అదే కారణము. ఆ ఏడే పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ ఓడిన తరువాత నవంబరు వరకు ఆ జంట కోర్టున కనిపించలేదు. మరల అదే భుజము.

ఇంత వైద్యము పెరిగిన రోజులలో ఒక భుజము నొప్పి మానుటకు నెలలకు నెలలు ఎందుకు పట్టవలెనని ఇండ్లలో అనుకొనుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. కాని దానితోపాటు అడుగవలసిన రెండవ ప్రశ్న ఒకటి ఉన్నది: అతడు మంచము మీద ఉన్న ఆ నెలలలో అతని స్థానమున నిలుచువారెవరు? ఈ రెండు ప్రశ్నలు వేరువేరుగా కనిపించును గాని, మా దృష్టిలో ఒకదానికొకటి ముడిపడినవే.

ముందు భుజము సంగతి చూతము. మన తుంటి కీలు లోతైన గిన్నెలో కూర్చున్న గుండు వంటిది. కదలిక తక్కువ, భద్రత ఎక్కువ. భుజపు కీలు అట్లు కాదు. అది చిన్న పళ్ళెములో పెట్టిన నిమ్మకాయ వంటిది. చేతి ఎముక తల పెద్దది, దానిని పట్టవలసిన రెక్క ఎముక గుంట చిన్నది, లోతు లేనిది. అందువలననే మనము చేతిని ముందుకు, వెనుకకు, తలపైకి, నడుము వెనుకకు ఇష్టము వచ్చినట్లు త్రిప్పగలుగుచున్నాము. ఆ స్వేచ్ఛకు చెల్లించు మూల్యము నిలకడ లేకపోవుట. ఆ నిమ్మకాయ పళ్ళెము నుండి దొర్లిపోకుండ నాలుగు చిన్న కండరములు దానిని చుట్టుకొని పట్టియుంచును. రేవులో నాలుగు మోకులతో కట్టిన పడవను తలచుకొన్నచో ఈ ఏర్పాటు తెలియును. ఒక్క మోకు సడలినను పడవ మునుగదు. కాని ప్రతి కెరటమునకు గట్టును కొట్టుకొనుచుండును. ఆ ఒరపిడి వలన మిగిలిన మోకులు కూడ అరుగును.

ఇక ఆ కీలు మీద పడు పని ఎంతటిదో చూడుడు. 2023 ఏప్రిల్‌లో జపానులో సాత్విక్ కొట్టిన ఒక స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగమున పోయినదని కొలిచి గిన్నిస్ గ్రంథమున చేర్చినారు. అంతకు ముందటి లెక్క, 2013లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ కొట్టిన 493 కిలోమీటర్లు. ఇది శిక్షణశాలలో కొలిచిన వేగమే గాని పోటీలోనిది కాదు; రాకెట్టు నుండి బయలుదేరిన క్షణమునకు సంబంధించినది. షటిల్ బరువు 5 గ్రాములకు అటునిటు. ఈకల వలన గాలిలో వెంటనే వేగము కోల్పోవును. అయినను ఆ వేగము పుట్టించినది ఒక మనిషి దేహమే గదా. బలము పాదముల నుండి బయలుదేరి, తుంటి గుండ, నడుము గుండ భుజమునకు చేరి, అక్కడ నుండి మోచేతికి, మణికట్టుకు పోవును. కొట్టుట సగము పనియే. కొట్టిన చేయి ఆగవలెను గదా! బండిని తోలిన ఎద్దులే పల్లములో బండిని నిలువబట్టవలసినట్లు, భుజము వెనుకనున్న చిన్న కండరములు ఆ వేగమును అరక్షణములో అరికట్టవలెను. ఒక్క ఆటలో ఇది పదులకొలది పర్యాయములు జరుగును. అభ్యాసములో లెక్కయే లేదు. సాత్విక్ వంటి పొడగరి, వెనుక భాగమున నిలిచి దాడి చేయువాడు, ఈ కూలి తన జతగానికంటె ఎక్కువగా చేయుచున్నాడు.

ఇట్టి కీలు చెడినపుడు మొదట తగ్గునది నొప్పి. చిక్కంతయు అక్కడనే ఉన్నది. నొప్పి తగ్గిన నాటికి బలము తిరిగి రాదు. కండరమును ఎముకకు కట్టు స్నాయువులకు రక్తప్రసారము స్వల్పము; కండరము కోలుకొన్నంత త్వరగా అవి కోలుకొనవు. కావున వైద్యుడును, వ్యాయామ చికిత్సకుడును మొదట చేతికి పూర్తి కదలిక రప్పింతురు. పిమ్మట రెక్క ఎముక చుట్టునున్న కండరములకు బలము పెంచుదురు. అటు తరువాతనే రాకెట్టు ఇత్తురు. మొదట మెల్లని కొట్టుడు, తరువాత సగము బలము, దినమునకు ఇన్ని అని లెక్క. చిట్టచివరి మెట్టు పోటీ. ప్రతి మెట్టు దగ్గరను మరునాటి ఉదయము భుజము ఏమి చెప్పునో విని పైమెట్టు ఎక్కవలెను. కొబ్బరి చెట్టు మీద నుండి జారి భుజము బెణికిన దింపు మనిషి, వారము రోజులలో నొప్పి పోయినదని మరల చెట్టెక్కుట కోనసీమలో క్రొత్త గాదు. వాని ఇంటిలో ఆ దినపు కూలి లేనిదే పొయ్యి మండదు, అందుకే ఎక్కును. వైద్యుని మాట తెలియక కాదు.

దింపు మనిషి కష్టమునకు జట్టు ఆటగాని కష్టమునకు పోలిక ఉన్నది. తాను లేనిచో పని నిలిచిపోవునని తెలిసినవాడు త్వరపడును. తన పనిని మరొకడు నాలుగు నెలలు చేయగలడని తెలిసినవాడు నెమ్మదిగా మానును. జట్టులో రెండవ వరుస ఎంత గట్టిదో, మొదటి వరుసవాని గాయము అంత చక్కగా మానును. అమెరికా కళాశాలల ఫుట్‌బాలులో బంతిని పొట్టకు అదుముకొని ఎదుటివారి మీదికి పరుగెత్తు ఆటగాడు ఒకడుండును. అందరును వానినే పడగొట్టుదురు; కావున వాని మోకాలో చీలమండయో చెడుట సామాన్యము. అచ్చటి శిక్షకులు ఆ ఒక్క స్థానమునకే ముగ్గురు నలుగురిని సిద్ధము చేసి వంతులవారీగా దింపుదురు. జట్టు పట్టికలో వందమంది వరకు ఉందురు గాన వారికి అది సాధ్యము.

బాడ్మింటన్ సంగతి వేరు. ఆట నడుమ మనిషిని మార్చుటకు నియమములు ఒప్పుకొనవు. జంట ఆటలో మరింత చిక్కు: ఒకని భుజము నొచ్చిన, రెండవవాడు ఆరోగ్యముగా ఉండియు ఇంట కూర్చుండవలసినదే. 2025 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ పోటీలలో చిరాగ్ నడుము పట్టుటచే జంట ఆట మధ్యలోనే విరమించుకొన్నది. ఆ పర్యాయము భుజము బాగుగనే ఉన్న సాత్విక్ కూడ తిరిగి రావలసి వచ్చినది. 2016లో మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ ఈ ఇద్దరిని జత చేసిన నాటి నుండి వీరు ఒకరి అడుగు ఒకరు ఎరిగినవారు. ఆ ఎరుకను మరొకని చేతికి ఒక వారములో అందించుట అసాధ్యము.

జట్టు పోటీలలో ఈ సంగతి స్పష్టముగా బయటపడును. థామస్ కప్పులో రెండు దేశములు తలపడినపుడు ఐదు ఆటలు: మూడు సింగిల్స్, రెండు డబుల్స్. మూడు గెలిచినవారిదే విజయము. 2022 మే నెలలో బాంకాక్‌లో మనవారు ఈ కప్పును మొదటిసారి గెలిచిన ముచ్చట శ్రోతలకు జ్ఞాపకముండును. మే 15వ తేదీన, అప్పటికే 14 పర్యాయములు కప్పు గెలిచిన ఇండోనేషియాను 3–0తో ఓడించినారు. లక్ష్య సేన్ మొదటి ఆట, సాత్విక్, చిరాగ్‌లు రెండవ ఆట, గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ మూడవ ఆట గెలిచినారు. ఆ ఫలితము చూచిన వారికి అంతయు నల్లేరుపై నడకగా తోచును. అంతకు ముందటి రెండు పోటీలు చూడవలెను. క్వార్టర్ ఫైనల్‌లో మలేషియా మీదను, సెమీఫైనల్‌లో డెన్మార్కు మీదను గెలుపు 3–2. రెండింటను మొదటి ఆట పోయినది. నాలుగవ ఆటయైన రెండవ డబుల్స్ పోయినది. రెండింటను ఐదవ ఆటలో కేరళ ఆటగాడు ప్రణయ్ జట్టును గట్టెక్కించినాడు. డెన్మార్కు మీద ఆడునపుడు మొదటి గేములోనే జారి చీలమండ నొప్పించుకొని, ఆ గేము 13–21తో కోల్పోయి, తరువాత 21–9, 21–12తో గెలిచినాడు.

ఆ ధైర్యమును అందరును కొనియాడినారు, కొనియాడదగినదే. అయితే ఒక్క మాట. ఆ రోజు ఆ చీలమండ వెనుక మరొక చీలమండ లేదు. అది నిలిచినందున కథ సుఖాంతమైనది.

పదునారు నెలల పిదప చైనాలోని హాంగ్‌ఝౌలో, 2023లో జరిగిన ఆసియా క్రీడలలో, అదే కథ మరొక విధముగా నడిచినది. సెమీఫైనల్‌లో కొరియాను 3–2తో ఓడించి మనవారు మొదటిసారి పురుషుల జట్టు ఫైనల్ చేరినారు. అక్టోబరు 1వ తేదీన ఫైనల్. ప్రణయ్‌కు నడుము నొప్పి, ఆడలేదు. లక్ష్య సేన్ షీ యూచీని మూడు గేములలో గెలిచినాడు. సాత్విక్, చిరాగ్‌లు లియాంగ్, వాంగ్‌ల జంటను 21–15, 21–18తో గెలిచినారు. భారత్ 2, చైనా 0. ఇంకొక్క ఆట చాలు. శ్రీకాంత్ మొదటి గేము 22–24తో చేజార్చుకొన్నాడు, రెండవది 9–21. తరువాత మన రెండవ జంట ధ్రువ్ కపిల, సాయి ప్రతీక్‌లు 6–21, 15–21తో ఓడినారు. చివరి సింగిల్స్‌లో మిథున్ మంజునాథ్ 12–21, 4–21. బంగారము వెండి అయినది.

మిథున్‌ను నిందించుట అన్యాయము. చైనా తన మూడవ సింగిల్స్ ఆటగానిగా నిలిపిన వెంగ్ హాంగ్‌యాంగ్ మరి ఏ దేశములోనైనను మొదటి ఇద్దరిలో ఉండదగినవాడు. చైనావారి బలగమనగా అదియే. మనకు మొదటి వరుస వారితో సమానముగా ఉన్నది. ఒక మనిషి తగ్గగానే తరువాతి వరుస తేలిపోయినది. ఇంకొక సంగతి కూడ గమనింపదగినది. ఆ ఫైనల్ ఆడక విశ్రమించిన ప్రణయ్ తరువాతి దినములలో సింగిల్స్‌లో లీ జీ జియాను ఓడించి కంచు పతకము గెలిచినాడు. 1982లో సయ్యద్ మోదీ తరువాత ఆ పతకము మనకు అదే. అక్టోబరు 7వ తేదీన సాత్విక్, చిరాగ్‌లు డబుల్స్ బంగారము తెచ్చి, ఆ వెంటనే ప్రపంచ పట్టికలో మొదటి స్థానమునకు ఎక్కినారు.

రెండవ వరుస ఎట్లు పుట్టును? బాంకాక్‌లో ఆ నాలుగవ ఆట రెండుసార్లు ఓడిన జంట గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్. ఇద్దరును తెలుగువారే. ఓడినవారి పేర్లు ఎవరికిని జ్ఞాపకముండవు. కాని ఆ స్థానమున నిలిచి పెద్దజట్ల దెబ్బ తినువారు లేనిదే రేపటి గెలుపు జంట తయారుకాదు. మన డెల్టా పట్టణములలో సాయంత్రములందు బంతి బాడ్మింటన్ ఆడిన తరము వారికి ఇది తెలిసినదే: కోర్టులో ఐదుగురు, బయట మరి కొందరు, బయటివారికి రోజూ ఆడు అవకాశము ఉన్ననే జట్టు నిలుచును. సాత్విక్ తండ్రి కాశీ విశ్వనాథము గారు వ్యాయామోపాధ్యాయులు. అమలాపురములో మొదలిడిన ఆట 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ గారి అకాడమీకి చేరినది. ఆ అకాడమీ స్థాపకుని కథ కూడ గాయపు కథయే. 1994లో పూనాలో జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుచు గోపీచంద్ గారి మోకాలి కీలుబంధము తెగినది. శస్త్రచికిత్సలు జరిగినవి. ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినారు. నడుమ ఏడు సంవత్సరములు. ఆ అకాడమీలో ఒకే పైకప్పు క్రింద శ్రీకాంత్, ప్రణయ్, సాత్విక్ దినదినము ఒకరినొకరు ఢీకొన్నందుననే 2022 నాటి జట్టులో అంతమాత్రపు బలగమైనను ఏర్పడినది.

సాత్విక్ 2024 నవంబరులో చైనా మాస్టర్స్‌తో తిరిగి వచ్చి, ఆ పోటీలోనే సెమీఫైనల్ చేరినాడు. 2025 ఆగస్టులో పారిస్‌లో ప్రపంచ పోటీల కంచు పతకము ఈ జంటకు మరల లభించినది. తొందరపడనందున దక్కిన ఫలము.

మన జిల్లాలలో పండ్రెండు, పదునాలుగేండ్ల పిల్లలను ఉదయమున చీకటితోనే ఆట శిక్షణకు పంపు తల్లిదండ్రులు ఇప్పుడు పెక్కుమంది. వారికి ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఆ వయసులో ఎముకల కొనలు ఇంకను పెరుగుచుండును. ఆ పెరుగు భాగము చుట్టునున్న స్నాయువులకంటె బలహీనమైనది. భుజము నొప్పి అని బిడ్డ రెండు వారములు చెప్పినచో అది బద్ధకము కాదు. చెప్పకపోయినచో మరింత గమనింపవలెను: సంచి ఏ భుజమున వేయుచున్నాడు, చొక్కా తొడుగునపుడు ఏ చేయి ముందు పెట్టుచున్నాడు, రాత్రి ఏ ప్రక్కకు ఒత్తిగిలుచున్నాడు. పిల్లలు నొప్పి దాచుట తరచుగా ఒకే భయము వలన: రేపు రానిచో జతగాడు మరొకనితో ఆడును, తన చోటు పోవును. శిక్షకుడు ఆ జంటకు మూడవవానిని ముందే జత చేర్చి, ముగ్గురిని వంతులవారీగా ఆడించుచున్నచో, బిడ్డ ఆ మాట ఇంట మొదటి వారముననే చెప్పును.