పని కదలును, ఇల్లు కదలదు

ఉదయము 7 గంటల వేళ తెనాలి రైలు స్టేషనులో నిలుచుండు జనమును చూచినచో సగము మంది చేతులలో అన్నపు క్యారియర్లు కనబడును. ఒకరు గుమాస్తా, ఒకరు నర్సు, మరియొకరు బట్టల దుకాణములో లెక్కలు వ్రాయువారు. వారి నడుమ నా మిత్రులొకరు కూడ నిలుచుండెడివారు. వారు ఉపాధ్యాయులు. తండ్రిగారి నాటి ఇల్లు తెనాలిలో. పని చేయు బడి గుంటూరు దాటిన పిమ్మట ఒక పల్లెలో. రైలు దిగి, బస్సు ఎక్కి బడి చేరుటకు గంటన్నర. తిరిగి ఇల్లు చేరుటకు గంటన్నర. ఆరేండ్లు వారి జీవితము ఈ విధముగనే నడిచెను.

ఒకనాటి రాత్రి వారు పిల్లల జవాబు పత్రములు దిద్దుచు, మిగిలిన ఒక తెల్లకాగితముపై ఒక లెక్క వేసిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 6 నుండి 8 వరకు గల తరగతులకు ఏడాదికి 220 పనిదినములు ఉండవలెను. దినమునకు 3 గంటల చొప్పున 660 గంటలు. అనగా రాత్రింబవళ్లు కలిపి 27 దినములకు పైమాట. ఏటేట ఒక నెల ఆయుర్దాయము రైలు పట్టాలపైననే కరిగిపోవుచున్నదన్నమాట. పదవ తరగతి చదువుచున్న కుమార్తె బీజగణితములో సందేహము అడుగవచ్చునప్పటికి తండ్రి కుర్చీలోనే కునుకుచుండెడివారు. ఊరి పిల్లలకు లెక్కలు చెప్పు తండ్రి తన బిడ్డకు చెప్పలేకపోవుట వారి మనస్సును కలచివేసెను. బడికి దగ్గరగా ఇల్లు కొనవలెనని ఆ రాత్రియే నిశ్చయించుకొనిరి.

ఇల్లు కట్టి చూడుమని మన పెద్దలు ఊరక అనలేదు. ఆ కాలమున ఉద్యోగి జీవితమంతయు కూడబెట్టి, విశ్రాంతి పొందునాడు వచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టెడివాడు. గృహప్రవేశమునాటికి జుట్టు నెరసియుండెడిది. 1977లో హెచ్.టి. పారేఖ్ గారు మధ్యతరగతి వారికి ఇంటి అప్పులిచ్చుటయే పనిగా హెచ్.డి.ఎఫ్.సి. సంస్థను స్థాపించిరి. 1988లో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు ఏర్పడెను. క్రమముగా బ్యాంకులన్నియు ఈ మార్గము పట్టినవి. నేడు ముందు ఇల్లు, పిదప కూడబెట్టుట. ఇది మంచిదే. కాని కూడబెట్టువానికి తెలియనవసరము లేని లెక్కలు కొన్ని అప్పు చేయువానికి తెలిసి తీరవలెను.

మా మిత్రులు బడికి పది నిమిషముల దూరములో, ఊరి చివర కట్టిన ఒక కొత్త ఫ్లాటును చూచి వచ్చిరి. వెల 40 లక్షలు. రిజిస్ట్రేషను ఖర్చులు సుమారు ఏడున్నర శాతము, అనగా మరి 3 లక్షలు. చేతిలో ఉన్న పొదుపు 13 లక్షలు. అందు 10 లక్షలు ఇంటి వెలకు, 3 లక్షలు రిజిస్ట్రేషనుకు సరిపోవును. మిగిలిన 30 లక్షలు అప్పు. లెక్క కుదిరినదనిపించెను. పైగా చేతికి వచ్చు 80,000 రూపాయల జీతము చూచి, 45 లక్షల వరకు ఇత్తుమని బ్యాంకువారు ఉత్సాహపరచిరి.

మొదటి పొరపాటు ఇక్కడనే పొంచియుండును. బ్యాంకు లెక్కించునది మనము ఎంత తీర్చగలమని. మనము లెక్కింపవలసినది తీర్చిన పిదప ఎట్లు బ్రదుకగలమని. ఆస్పత్రి ఖర్చు, ఆడపిల్ల చదువు, ఊరిలో తల్లిదండ్రుల మందులు బ్యాంకు కాగితములలో కనబడవు.

ఇక వాయిదా సంగతి. పాఠకులు కాగితము, కలము తీసికొని ఈ లెక్కను తామే వేసి చూడవలెను. 30 లక్షల అప్పు, ఏడాదికి ఎనిమిదిన్నర శాతము వడ్డీ, 20 ఏండ్ల గడువు అనుకొందము. నెలసరి వాయిదా 26,035 రూపాయలు. మొదటి నెల వడ్డీ ఎంత? 30 లక్షలపై ఏడాది వడ్డీని పండ్రెండుతో భాగించినచో 21,250 రూపాయలు. అనగా మనము కట్టిన 26,035లో అసలుకు చేరునది 4,785 మాత్రమే. మరుసటి నెల అసలు అంతమేర తగ్గును గనుక వడ్డీ కొద్దిగా తగ్గును. అసలుకు చేరు భాగము కొద్దిగా పెరుగును. ఇట్లు తొలి ఏండ్లలో వడ్డీ ఏనుగువలెను, అసలు చీమవలెను నడచును.

గడువు విషయమును చూడుడు. ఇదే అప్పును 15 ఏండ్లలో తీర్చినచో వాయిదా 29,542. మొత్తము వడ్డీ సుమారు 23 లక్షలు. 20 ఏండ్లయినచో వడ్డీ సుమారు ముప్పదిరెండున్నర లక్షలు. 30 ఏండ్లయినచో వాయిదా 23,067కు దిగును గాని వడ్డీ 53 లక్షలకు ఎక్కును. నెలకు మూడువేలు తగ్గినదని సంతోషించువాడు, ఆ సంతోషమునకు ఇరువది లక్షలకు పైగా వెల చెల్లించుచున్నాడని గ్రహింపడు.

వడ్డీ రెండు తెరగులు. గడువు పొడుగున మారనిది స్థిర వడ్డీ. కాలమునుబట్టి హెచ్చుతగ్గులు పొందునది చర వడ్డీ. 2019 అక్టోబరు 1 నుండి బ్యాంకులు కొత్తగా ఇచ్చు చర వడ్డీ గృహఋణములను రిజర్వు బ్యాంకు రెపో రేటు వంటి బాహ్య ప్రమాణమునకు ముడిపెట్టవలెనను నియమము వచ్చినది. గృహఋణ సంస్థలకు ఈ నియమము వర్తింపదు. వారి పద్ధతిని వేరుగా అడిగి తెలిసికొనవలెను. 2020 మే నెలలో 4 శాతమున్న రెపో రేటు 2023 ఫిబ్రవరి నాటికి ఆరున్నర శాతమునకు పెరిగినది. 2025లో మరల పలుమార్లు తగ్గినది. అప్పు తీసికొన్ననాటి వడ్డీయే చివరివరకు ఉండునని నమ్మినవారు ఆ మూడేండ్లలో ఖిన్నులైరి.

వారిలో పలువురికి వాయిదా పెరుగలేదు. అందుచేత తమకేమియు కాలేదనుకొనిరి. పెరిగినది గడువు. మన ఉదాహరణలో వడ్డీ ఎనిమిదిన్నర నుండి 9 శాతమునకు పెరిగి, వాయిదా మాత్రము 26,035గానే నిలిచినదనుకొనుడు. 240 వాయిదాలు కాస్త 267 అగును. అర శాతము పెరుగుదలకు రెండేండ్లకు పైగా అదనపు చాకిరి! 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశముల ప్రకారము, వడ్డీ మారినపుడు ఆ సంగతి ఋణగ్రహీతకు తెలుపవలెను. వాయిదా పెంచుకొనుటయో, గడువు పెంచుకొనుటయో, రెండును కొంత కొంతయో కోరుకొను అవకాశము ఈయవలెను. అడిగినవారికే ఈ హక్కు అక్కరకు వచ్చును. చర వడ్డీకి ఒక మేలు కూడ కలదు. వ్యక్తులు తీసికొన్న అట్టి గృహఋణమును ముందుగా తీర్చినచో అపరాధ రుసుము వసూలు చేయరాదని 2012లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించినది.

మా మిత్రులు ఈ లెక్కలన్నియు నేర్చిరి. మూడు బ్యాంకులకు తిరిగిరి. 2024 అక్టోబరు 1 నుండి కొత్త అప్పులకు తప్పక ఈయవలసిన ముఖ్య వివరముల పత్రమును ఒక్కొక్కచోట అడిగి, రుసుములన్నియు కలిపిన వార్షిక వ్యయశాతమును పక్కపక్కన పెట్టి పోల్చిరి. ఒకచోట వడ్డీ తక్కువగా కనబడినను, అప్పుతోపాటు అంటగట్టిన బీమా సొమ్ము ఆ లాభమును మింగివేయుచుండెను. చివరకు ఒక బ్యాంకును ఎన్నుకొని, సంతకము చేయబోవు ముందునాటి రాత్రి కాగితములను భార్యకు చూపిరి. ఆమె అన్నియు చదివి ఒక్క ప్రశ్న వేసినది.

"ఏమండీ, ఆ బళ్ళో మీకింక రెండేళ్ళేగా! తర్వాత మాచర్ల వైపు వేస్తే ఈ ఇల్లు భుజాన వేసుకుపోతామా?"

ఉపాధ్యాయులకు ఈ మాటలోని వాడి వివరింపనక్కరలేదు. ఒకేచోట 8 విద్యాసంవత్సరములు నిండిన ప్రభుత్వోపాధ్యాయునికి బదిలీలలో స్థానచలనము తప్పదు. వారికి అప్పటికే ఆరేండ్లు నిండినవి. రెండేండ్ల సౌకర్యమునకు ఇరువదియేండ్ల అప్పు! మరల కాగితము తీసి లెక్క వేసిరి. రెండేండ్లలో కట్టు వాయిదాలు సుమారు ఆరుంబావు లక్షలు. అసలులో తగ్గునది ఒకటింబావు లక్ష మాత్రమే. బదిలీ ఉత్తరువు వచ్చునాటికి ఇంకను ఇరువదియెనిమిది లక్షల ముప్పాతిక అప్పు మిగిలియుండును. ఊరి చివరనున్న ఆ ఫ్లాటును త్వరగా అమ్ముటయు కష్టము, అద్దెకిచ్చుటయు కష్టము. మరియొక సంగతి: వారికి అప్పుడు 44 ఏండ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విశ్రాంతి వయస్సు 62. ఇరువదియేండ్ల అప్పు 64వ ఏట ముగియును. జీతము ఆగిన పిదప రెండేండ్లు వాయిదా ఆగదు.

వారు సంతకము చేయలేదు. ముందు గుంటూరులో ఏడాదిపాటు అద్దెకుండిరి. అద్దె యిల్లు ఒక పరీక్ష వంటిది. ఏ వీధిలో వేసవిలో నీరు వచ్చునో, ఏ దారిలో వానకాలమున మోకాటిలోతు నీరు నిలుచునో, రాత్రి తొమ్మిదికి బస్సు దొరకునో లేదో ఏ దళారియు చెప్పడు. ఆ ఏడాది చెప్పినది. ఇంకొకటి కూడ తెలిసివచ్చినది. రైలు స్టేషనుకును బస్టాండుకును అందుబాటులో నివసించినవారికి జిల్లాలో ఏ దిక్కునకు బదిలీ అయినను దారి ఉండును. కావలసినది బడికి దగ్గర ఇల్లు కాదు. రేపటి బడులన్నిటికిని పోవు దారికి దగ్గర ఇల్లు.

ఆ ప్రాంతముననే ఒక పాత ఫ్లాటు, వెల 32 లక్షలు. రిజిస్ట్రేషనుకు రెండు లక్షల నలుబదివేలు. చేతి సొమ్ములో 8 లక్షలు వెలకు పోగా, ఆపత్తులకు రెండు లక్షల అరువదివేలు మిగిలెను. అప్పు 24 లక్షలు, గడువు 15 ఏండ్లు, వాయిదా 23,634. మొదట అనుకొన్న వాయిదాకంటె ఇది తక్కువ; అప్పు ముగియునది అయిదేండ్లు ముందు. వడ్డీ శాతములో భేదము లేదు. భేదమంతయు అప్పు పరిమాణములోను, గడువులోను ఉన్నది. ఈ అప్పులో ఆరంభముననే ఒక లక్ష అదనముగా కట్టగలిగినచో చివరి 14 వాయిదాలు ఎగిరిపోవును. డి.ఏ. బకాయిలు వచ్చినపుడు కొత్త వాహనమువైపు చూపు పోవు మిత్రులు ఈ సంఖ్యను గోడపై వ్రాసికొనవచ్చును.

కాగితముల విషయమున కూడ వారు తొందరపడలేదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయము నుండి ఇ.సి. తీయించి, వెనుకటి లింకు దస్తావేజులన్నియు వకీలుకు చూపిరి. అప్పు తీరిన పిదప అసలు దస్తావేజులను 30 దినములలో తిరిగి ఈయవలెనని, ఆలస్యమునకు దినమునకు 5,000 రూపాయలు పరిహారము చెల్లింపవలెనని 2023లో రిజర్వు బ్యాంకు నిర్ణయించినది. ఆ దినము కొరకు ఒప్పగించిన కాగితముల జాబితాను ఇప్పుడే భద్రపరచుకొనిరి. ఆదాయపు పన్నులో మిగులుననుచు పెద్ద అప్పు చేయుమని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. స్వంత నివాసమునకు ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే కలదు, కొత్త పద్ధతిలో లేదు. ఉన్నను, పన్నులో కొంత మిగిలించుకొనుటకై అంతకు మించిన వడ్డీని చెల్లించుట వివేకము కాదు.

విద్యార్థులారా! చక్రవడ్డీ పాఠము పరీక్ష కొరకు మాత్రమే అని తలపకుడు. మీ ఇంటిలో అప్పు ఉన్నచో నాన్నగారిని అడిగి ఆ వాయిదాల పట్టికను చూడుడు. ఏ నెలలో అసలు వడ్డీని దాటునో కనుగొనుడు. ఇంతకంటె సజీవమైన అభ్యాసము పుస్తకములో దొరకదు.

మొన్న గుంటూరు పోయినపుడు వారి ఇంటికి వెళ్లితిని. రెండు గదులు, చిన్న వరండా. బదిలీ వచ్చినదట, కొత్త బడి పాత బడికి ఎదురు దిక్కున ఉన్నది. ఇంటినుండి బస్సులో నలుబది నిమిషములు. సాయంకాలము అయిదున్నర గంటలకే వారు ఇంట ఉండిరి. ఇప్పుడు ఇంటరు చదువుచున్న కుమార్తె వరండాలో కూర్చుండి, అప్పు పట్టికలో ఆ నెల గడిని ఎర్ర సిరాతో కొట్టివేసి, తన లెక్కల పుస్తకము తెరచి తండ్రి యెదుట పెట్టినది. వారు కళ్లద్దములు తుడుచుకొని కలము అందుకొనిరి.