పక్షుల హాజరుపట్టీ

పవిత్ర ఖుర్ఆన్‌లోని 'అన్నమ్ల్' సూరాలో హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం పక్షులను పరిశీలించు ఘట్టమొకటి కలదు. కొలువునందలి పక్షులను పరికించి, హుద్‌హుద్ కనబడకుండుటకు కారణమేమని ఆయన ప్రశ్నించెను. తరువాత ఆ పక్షి సబా దేశపు రాణిని గూర్చిన వార్తతో తిరిగి వచ్చుట మన ఉర్దూ శాఖ విద్యార్థులందరు ఎరిగిన కథయే. అయితే ఈ వ్యాసమునకు కావలసినది ఆ వార్త కాదు, ఆ హాజరు. వచ్చిన పక్షులను లెక్కించుట ఎవరికైనను సాధ్యము. రాని పక్షి రాలేదని గుర్తించుటకు మాత్రము దానిని ముందుగానే ఎరిగియుండవలెను.

తెలుగువారిలో పెక్కుమంది హుద్‌హుద్ అను పేరును 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన తుఫానుగా మాత్రమే ఎరుగుదురు. ఆ పేరును సూచించినది ఒమాన్ దేశము. పక్షి మాత్రము మన మైదానమునకు వచ్చునదే. తలపై విసనకఱ్ఱ వలె విచ్చుకొను జుట్టుతో, వంపు దిరిగిన పొడుగాటి ముక్కుతో గడ్డిలో పురుగులను ఏరుకొనుచుండును. తెలుగున దీనిని కూకుడుగువ్వ అనిరి. బంతియాట కొరకు ప్రతిదినము ఆ మైదానమునకు పోవువారిలో ఎందరు దానిని చూచిరని అడిగితిమి. సమాధానము ఇక్కడ వ్రాయదగినది కాదు.

పక్షులను చూచుటకు అభయారణ్యములకు పోవలెననియు, ఖరీదైన దుర్భిణి కావలెననియు ఒక అపోహ కలదు. ఈ విషయమున సాలిం అలీ గారి జీవితము కొంత తెలిసికొనదగినది. 1896లో బొంబాయి నగరమున జన్మించిన ఈయన, పక్షిశాస్త్రమున ప్రపంచఖ్యాతి గడించినను డిగ్రీ పట్టము పొందినవారు కారు. జర్మనీలో శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చునప్పటికి, మ్యూజియములో ఆయన చేయుచుండిన ఉద్యోగము నిధుల కొరతచే రద్దయినది. నిరుద్యోగియై ఆయన సముద్రతీరమున కిహిం అను గ్రామములో కాపురముండెను. ఇంటి సమీపమున గిజిగాండ్రు గూళ్ళు కట్టుచుండగా, ఆ వర్షాకాలమంతయు వానిని గమనించుచు గడపెను. మగపిట్ట గూటిని సగము వరకే అల్లి ఆపుననియు, ఆడుపిట్ట వచ్చి పరీక్షించి అంగీకరించిన పిమ్మటనే మిగిలినది పూర్తి చేయుననియు, అది ముగియగానే ఇంకొక గూటిని ఇంకొక ఆడుపిట్ట కొరకు ప్రారంభించుననియు లోకమునకు తెలిపినది ఆ ఉద్యోగము లేని కాలమే.

ఆ వెనుక 1931-32లో ఆయన నిజాం రాజ్యమునందలి పక్షులను సర్వే చేసెను. కృష్ణకు ఆవలి గట్టు నిజాం రాజ్యము, ఈవలి గట్టు మద్రాసు ప్రెసిడెన్సీ. కాబట్టి ఆ సర్వేకు మన పల్నాడు ఏటి వెడల్పు దూరమున వెలుపల ఉండిపోయినది. పక్షులకు సరిహద్దు లేదనుట నిజమే గాని, వానిని వ్రాయువారికి ఉండును.

మన ప్రాంతమున సంవత్సరమును వేసవితో ప్రారంభించుట న్యాయము. రెంటచింతల ఎండలను గూర్చి రాష్ట్రమంతటికిని తెలియును. ఆ ఎండలో మధ్యాహ్నపువేళ కాకియు, గోరింకయు నోరు తెరచి, గొంతును వడివడిగా ఆడించుచు చెట్టునీడన కూర్చుండును. పక్షికి చెమట లేదు. నోటి తేమ ఆవిరియగుట వలననే దాని ఒడలు చల్లబడును. కోయిల కూయుట ఉగాది నాటికి బాగుగ వినవచ్చును. కూయునది ఎఱ్ఱకన్నుల నల్లని మగపక్షి. గోధుమవన్నెపై తెల్లచుక్కలు గల ఆడుదానిని చాలామంది వేఱు పక్షి యనుకొందురు. కవులు కోకిలకంఠమును స్త్రీలకు ఎట్లు అంటగట్టిరో గాని, ప్రకృతిలో ఆ కీర్తి పురుషునిదే. చలికాలమున కోయిల వినబడనందున అది దేశాంతరము పోయినదని భావింతురు. అది ఎక్కడికిని పోదు. కూయుట మానును, అంతే. హాజరు వేయువారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

గురజాల, మాచర్ల ప్రాంతముల నాపరాతి బీళ్ళలో పొలంక అను పావురమంత పక్షి కలదు. నేలరంగులోనే ఉండుటచే కాలికి తగులునంత దగ్గరకు పోయినను కనబడదు. నీరు లేని బీటిలో గ్రుడ్లు పెట్టి, ఉదయము గుంపులుగా దూరపు చెరువునకు ఎగిరిపోవును. అచట మగపక్షి నీటిలో పొట్ట ఆనించి, తన పొట్ట ఈకలను స్పంజివలె తడుపుకొని, తిరిగి వచ్చి పిల్లల ఎదుట నిలబడును. పిల్లలు ఆ ఈకలను చీకి దాహము తీర్చుకొనును. 1896లోనే ఇంగ్లండులో పంజరపు పక్షులయందు దీనిని చూచి వ్రాసిన పెద్దమనిషిని పండితులు చాలమంది నమ్మలేదు. ఆఫ్రికా ఎడారులలో పరిశోధించి 1967లో ఇరువురు శాస్త్రజ్ఞులు దానిని స్థిరపరచిరి. నాగార్జునసాగరు నీరు కాలువలకు విడుదలయైనదియు ఆ 1967వ సంవత్సరమే.

ఆ కాలువ మన హాజరుపట్టీని మార్చివేసినది. కుడికాలువ పారిన చోట జొన్నచేలు వరిమళ్ళైనవి. నత్తలను ఏరుకొను నత్తగుల్ల కొంగలకును, దుక్కిటెద్దులను, ఇప్పుడు ట్రాక్టరును వెంబడించు తెల్లకొంగలకును, లకుముకిపిట్టలకును అది భాగ్యము. మెట్టబీళ్ళనే నమ్ముకొనిన పొలంకకు, కౌజుకు అది వేఱు మాట. నీరు రావలదని ఎవరనగలరు? ఏ పక్షి వచ్చెను, ఏది తొలగెను అని అప్పుడు వ్రాసియుంచిన పుస్తకమొకటి మన చేతిలో ఉన్నచో ఎంత బాగుండెడిదో అనుచున్నాము.

తొలకరికి చాతకము వచ్చును. నలుపు తెలుపు దేహము, నెత్తిన సూదివలె నిలిచిన జుట్టు. ఆఫ్రికా నుండి నైరుతి గాలులతోపాటు సముద్రము దాటి వచ్చు చాతకములు కలవు. దక్షిణ దేశమున ఏడాది పొడుగునను ఉండునవియు కలవు. ఉర్దూ కవితలోని పపీహాయు మన చాతకమును ఒకటేయని మన రెండు శాఖల విద్యార్థులు ఏకాభిప్రాయమునకు వచ్చినట్లు తెలిసినది. ఐకమత్యము సంతోషదాయకమే గాని, అవి రెండును కోకిల కుటుంబమునకు చెందిన వేఱువేఱు పక్షులు. వానకాలముననే బావులపైకి వంగిన తుమ్మకొమ్మలకు, తాటిమట్టలకు గిజిగాని గూళ్ళు వ్రేలాడును. అవి ఎక్కువగా చెట్టునకు తూర్పువైపున ఉండును. పడమటి వానగాలి నుండి చెట్టే వానికి అడ్డు.

దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని హిందూ సోదరుల విశ్వాసము. ఉర్దూలో దానిని నీల్‌కంఠ్ అందురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇది రాష్ట్రపక్షి. విభజన తరువాత తెలంగాణ దానినే ఉంచుకొనగా, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను స్వీకరించినది. తీగపై కూర్చుండినప్పుడు మట్టిరంగుగా కనబడి, ఎగిరినంతనే రెక్కలలోని నీలమును చూపు ఈ పక్షి మిడుతలను, పురుగులను తినును. ఎండిన తాటిమోడు తొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టును. 2023లో వెలువడిన 'భారతదేశ పక్షుల స్థితి' నివేదిక, పాలపిట్టల సంఖ్య సుమారు నూటికి 30 వంతులు తగ్గినట్లు తెలిపినది. అందులో 942 జాతులను పరిశీలించిరి. ఈ లెక్కలకు ఆధారము దేశమంతట సుమారు 30 వేలమంది పక్షిప్రియులు, అనగా ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు మొదలగువారు, తాము చూచినదానిని తేదీతో, స్థలముతో నమోదు చేసిన పట్టీలే.

పిచ్చుక విషయమున ఆ పట్టీలే వేఱుగా చెప్పినవి. పిచ్చుకలు అంతరించుచున్నవని వినని వారు లేరు. అయితే 2020 నాటి నివేదిక, పెద్ద నగరములలో అవి తగ్గినను, దేశము మొత్తము మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉన్నదని తేల్చినది. అందరు ఏడ్చిన పక్షి నిలిచియుండగా, ఎవరును గమనించని పాలపిట్ట తగ్గిపోయినది. జ్ఞాపకమునకును వ్రాతకును గల దూరము ఇంత.

కార్తికము నాటికి అతిథులు వచ్చి చేరును. తోకను క్షణమైనను ఊరకుంచని కాటుకపిట్ట హిమాలయముల నుండియు, ఆ పై దేశముల నుండియు వచ్చి మన వరండా ముందే తిరుగును. మధ్య ఆసియా నుండి గులాబి గోరింకలు దండులుగా దిగి జొన్నకంకులపై పడును. రైతునకు అవి ప్రియమైనవి కావు. ఆ మధ్య ఆసియా గడ్డిభూముల నుండియే పిల్లిగద్ద వచ్చి, మిరప, ప్రత్తి చేలపై నేలకు ఒక బారెడు ఎత్తున తేలిపోవుచు మిడుతలను వేటాడును. రాత్రి చెట్టుపై గాక గడ్డిలో నేలపైననే నిద్రించును. బీడు దున్నబడినచో దాని పడకగది పోయినట్లే. ఈ సందర్భమున అర్జెంటీనా దేశపు ఉదంతము స్మరింపదగియున్నది. 1995-96లో అచట పొలములలో మిడుతల నివారణకు చల్లిన మోనోక్రోటోఫాస్ అను మందు వలన, ఉత్తర అమెరికా నుండి శీతకాలము గడపవచ్చిన డేగలు వేలసంఖ్యలో మరణించినవి. తమ పొలములలో కనబడుట తగ్గినందున ఆ మరణములు ఉత్తరాదివారికిని పట్టినవి. ఆ మందు పేరు పల్నాటి ప్రత్తిరైతులకు క్రొత్తది కాదు.

పేర్లను గూర్చి ఒక మాట. మద్రాసు సైన్యమున వైద్యుడుగా ఉండిన జెర్డన్ 1862-64లో వెలువరించిన భారతపక్షుల గ్రంథములో తెలుగు పేర్లను శ్రద్ధగా చేర్చెను. పసువుల వీపుపై సవారి చేయు నల్లని పొడుగుతోక పిట్టకు పసులపోలిగాడు అను పేరు అందున్నది. దక్కనీ ఉర్దూలో దానినే కొత్వాల్ అందురు. కాకిని, గద్దను తరిమికొట్టుటచే ఆ ఉద్యోగము దానికి తగియున్నది. ఒకరు దాని వాహనమును చూచిరి, ఒకరు దాని అధికారమును చూచిరి. జెర్డన్ పేరిట ప్రసిద్ధమైన కలివికోడి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడక, అంతరించినదని తలపబడెను. 1986 జనవరిలో కడప జిల్లాలో అది తిరిగి దొరకినది. దానిని చేజిక్కించుకొనినవాడు స్థానిక వేటగాడు. 86 ఏండ్లు శాస్త్రపు పట్టీలో గైరుహాజరైన పక్షికి తెలుగు పల్లెలలో పేరు నిలిచియే ఉన్నది.

అందరి పక్షులకును ఆ అదృష్టము లేదు. రాబందును చూచితిరా యని తరగతిలో అడిగిన, బొమ్మలలో చూచితిమందురు. మీ తాతగారిని అడుగుడు. పశువు చచ్చిన చోట ఆకాశము నుండి దిగు ఆ గుంపులను వారు వర్ణించి చెప్పగలరు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫినాక్ అను మందు, ఆ కళేబరమును తినిన రాబందు మూత్రపిండములను చెరచునని 2004లో కనుగొనబడినది. 2006లో పశువైద్యమున దానిని నిషేధించిరి. అప్పటికి మూడు జాతుల రాబందులు నూటికి 90 వంతులకు పైగా నశించినవి. మన తాలూకాలలో చివరి రాబందు ఏ సంవత్సరమున, ఏ గుట్టపై వాలెనో చెప్పు కాగితము ఒక్కటియు మాకు దొరకలేదు.

నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండపై కాకి వాలదని ప్రతీతి. ఆనందవల్లి యను గొల్లభామ శాపము దీనికి కారణమని స్థలపురాణము. ఆ విశ్వాసమును పరీక్షించు ఉద్దేశము మాకు లేదు. ఒక జనసమూహము ఒక పక్షి లేకుండుటను తరతరములుగా గుర్తుంచుకొనినదనుటయే మాకు ముచ్చట. కాకి రాకను కనిపెట్టిన కన్నులు రాబందు పోకను కనిపెట్టలేకపోయినవి.

కళాశాల కమిటీవారి యెదుట రెండు కోరికలు ఉంచుచున్నాము. మొదటిది, గ్రంథాలయపు బల్లపై గీతల పుస్తకమొకటి, దారముతో కట్టిన పెన్సిలు ఒకటి. అందు తేదీ, వేళ, స్థలము, పక్షి పేరు తెలుగులోనో ఉర్దూలోనో తోచిన విధముగా వ్రాయవచ్చును. పేరు తెలియనిచో రంగును, నడకను, కూతను వ్రాసిన చాలును. వెదకి చూడగా కనబడనిచో 'లేదు' అని వ్రాయుటయు మరువరాదు. సెలవులలో కాలము గడచుటయే కష్టమనువారు, మాచర్ల వైపు వారైనచో బుగ్గవాగు జలాశయపు గట్టున, ఇతరులైనచో తమ ఊరి చెరువుకట్టపై, సూర్యోదయ సమయమున అరగంట కూర్చుండి ఆ పట్టీని తెచ్చి ఇందులో ఎక్కించవచ్చును.

రెండవది, వెనుక ప్రహరీగోడ వద్ద తల విరిగిన తాటిమోడు ఒకటి కలదు. ఆవరణ శుభ్రత నిమిత్తము దానిని కొట్టివేయించుటకు నిశ్చయించినట్లు వింటిమి. గడచిన మార్చి నుండి ఒక పాలపిట్టల జంట దాని తొఱ్ఱలో రాకపోకలు సాగించుచున్నది. మోడు ఎండినదే గాని దృఢముగా ఉన్నది, ఎవరి మీదను పడునది కాదు. దానిని అట్లే ఉండనీయవలసినదిగా ప్రార్థించుచున్నాము.